మిద్దె మీద తేనెటీగల పెట్టెలు: తిరుపతి, చిత్తూరు ఊళ్లలో అనుమతి ఎవరివ్వాలి, బాధ్యత ఎవరిది

మీ ప్రశ్న పూర్తిగా చదివాను. తిరుపతి బైరాగిపట్టెడలో సొంతిల్లు, పైన ఖాళీ మిద్దె, రెండు పుట్టతేనె ఈగల పెట్టెలు తెచ్చుకోవాలని ఆశ. పక్కింటి పెద్దాయన మాత్రం "మా ఇంట్లో చిన్నపిల్లలున్నారు, పెట్టెలు పెడితే కార్పొరేషన్‌లో కంప్లయింటు ఇస్తా" అన్నారు. అనుమతి కావాలా, కావాలంటే ఎవరిస్తారు, ఆయన ఫిర్యాదు చేస్తే ఏమవుతుంది, తేనె మిగిలితే అమ్ముకోవచ్చా అని అడిగారు. నాకు చిత్తూరులో ఇంటి మీదా, మురకంబట్టు దాటాక మామిడితోటలోనూ పెట్టెలున్నాయి. ఊరి మధ్య ఈగల్ని పెంచేవాళ్లకు వచ్చే తగాదాలు దగ్గరుండి చూశాను, కొన్నింటిలో మధ్యవర్తిగానూ కూర్చున్నాను. కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందు చట్టం సంగతి. ఇంటి దగ్గర రెండు మూడు పెట్టెలు పెట్టుకోవడానికి లైసెన్సు తీసుకోవాలని చెప్పే ప్రత్యేక చట్టం మనకు లేదు. తిరుపతి 2007లో, చిత్తూరు 2012లో నగరపాలక సంస్థలయ్యాయి. పశువులు, పందులు, జనానికి ప్రమాదకరమైన వ్యాపారాలు, వీటి మీద మున్సిపల్ చట్టాల్లో ఆంక్షలున్నాయి. తేనెటీగలకంటూ ఒక ఫారం, ఒక ఫీజు, గోడకు ఇన్ని అడుగుల దూరం అన్న లెక్క మాత్రం లేవు. మీరు అర్జీ రాసుకుని వార్డు సచివాలయానికి వెళ్లినా, దాన్ని ఏ పద్దులో ఎక్కించాలో వాళ్లకు పాలుపోదు. ఊరి చుట్టూ ఉన్న పంచాయతీల్లోనూ ఇదే పరిస్థితి.

అనుమతి అక్కర్లేదంటే అడిగేవాడే లేడని కాదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. పాత ఐపీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 291వ సెక్షను ఒకసారి చదవండి. తన దగ్గరున్న జంతువు వల్ల మనుషుల ప్రాణం పోయే, లేదా తీవ్రమైన గాయం అయ్యే ప్రమాదం ఉందని తెలిసీ, లేదా నిర్లక్ష్యంగా, తగిన జాగ్రత్త తీసుకోకపోతే ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. జంతువంటే మనిషి కాని ఏ ప్రాణి అయినా అని ఆ సంహితే నిర్వచనం ఇచ్చింది. ఈగను జంతువనరు కదా అన్న వాదన అక్కడ నిలబడదు. ఇది కాక ప్రజలకు ఇబ్బంది కలిగించడం గురించి 270, 292 సెక్షన్లున్నాయి. 292 కింద 1,000 రూపాయల వరకు జరిమానా. డబ్బు పరంగా పెద్ద శిక్ష కాకపోయినా కేసు కేసే.

వీటన్నిటికంటే మీకు ఎక్కువ వర్తించేది భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 152వ సెక్షను. పాత సీఆర్‌పీసీలో 133వ సెక్షను అంటే లాయర్లకు వెంటనే గుర్తొస్తుంది. వీధిలో జనానికి ఇబ్బందిగా ఉన్నదాన్ని ఫలానా తేదీలోగా తీసెయ్యి, లేదా వచ్చి కారణం చెప్పుకో అని ఆర్డీవో గానీ, ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు హోదాలో తహసీల్దారు గానీ ఉత్తర్వు ఇవ్వగలరు. అది జనానికి, అంటే వీధికో పేటకో కలిగే ఇబ్బంది గురించి. ఒక్క పక్కింటి వాళ్లకు మాత్రమే బాధ ఉంటే అది మామూలుగా సివిల్ కోర్టులో తేలాలి, వాళ్లు ఇంజంక్షన్, అంటే పెట్టెలు ఆపించే కోర్టు ఉత్తర్వు అడగాలి. మీ పక్కింటాయన ఒక్కరే అర్జీ పెడితే ఒక తీరు, నలుగురి చేత సంతకాలు పెట్టించి తెస్తే ఇంకో తీరు.

ఆచరణలో ఏం జరుగుతుందో చెబుతాను. ఆయన సోమవారం కలెక్టరేట్‌లో జరిగే గ్రీవెన్సులో అర్జీ ఇస్తారు. అది కార్పొరేషన్‌కు వస్తుంది, అక్కడి నుంచి మీ వార్డు సచివాలయంలో శానిటేషన్ చూసే సెక్రటరీ దగ్గరకు చేరుతుంది. ఒక రోజు ఆ అమ్మాయో అబ్బాయో మీ గేటు తడతారు. "లైసెన్సు ఉందా" అన్నది పెద్ద ప్రశ్న కాదు. పెట్టెలు ఎక్కడున్నాయి, ఎవరినైనా కుట్టాయా, పక్కింటి వాళ్ల కిటికీ ఎంత దూరం, ఇవీ అడుగుతారు. ఫోటో తీసుకుంటారు. ఆ ఫోటోలో పెట్టెలు గోడకు ఆనుకుని, పక్కింటి తలుపు వైపు ముఖం పెట్టి కనిపిస్తే మీరు ఎన్ని చెప్పినా ఉపయోగం లేదు. నీడలో, నడుముకు అటూ ఇటూ ఎత్తున్న స్టాండు మీద, ముందు ఆరడుగుల తెర, పక్కనే నీళ్ల తొట్టి, దాని పక్కన పెట్టెలు తెరిచిన తేదీలు రాసుకున్న నోటుబుక్కు కనిపిస్తే వచ్చినవాళ్లు రాసే నివేదికే వేరుగా ఉంటుంది. జాగ్రత్త తీసుకున్నారా లేదా అన్నదే 291లో ప్రశ్న కాబట్టి, తీసుకున్న జాగ్రత్త కంటికి కనబడాలి.

జాతీయ తేనెటీగల బోర్డు వాళ్ల మధుక్రాంతి పోర్టల్ గురించి మీరు ఎక్కడో విన్నట్టున్నారు. 2021 ఏప్రిల్‌లో మొదలైంది. అందులో పేరు నమోదు చేసుకోవడం పెంపకందారుగా గుర్తింపు కోసం, తేనె ఎక్కడిదో చెప్పుకోవడం కోసం, పథకాల కోసం. ఇంటి మీద పెట్టెలకు అది అనుమతిపత్రం కాదు. అయినా వీలుంటే చేసుకోమనే అంటాను, శిక్షణ సర్టిఫికెట్‌తో కలిపి ఫైల్లో పెట్టుకుంటే మీరు సరదాకి తెచ్చిపెట్టిన మనిషి కాదని తెలుస్తుంది.

మీది సొంతిల్లు కాబట్టి ఒక చిక్కు తప్పింది. అద్దెకుండేవాళ్లు ఓనరు దగ్గర రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోవాలి. అపార్ట్‌మెంటులో అయితే మిద్దె ఏ ఒక్కరిదీ కాదు. 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం అది అందరి ఉమ్మడి భాగం. అసోసియేషన్ తీర్మానం లేకుండా అక్కడ పెట్టె పెట్టడం నాకైతే సమ్మతం కాదు. పై అంతస్తులో ఉన్నాం కదా అని తాళం మన దగ్గర పెట్టుకుని పెంచేవాళ్లున్నారు, అలాంటి చోట మొదటి కాటుకే పెట్టెలు కిందికి దిగుతాయి.

ఇక ఈగల రకం. మీరు పుట్టతేనె ఈగల్ని ఎంచుకోవడం మంచి పని. కొందరు తొర్రతేనె అంటారు, పుస్తకాల్లో సెరానా ఇండికా. ఈ నేలవి, మన ఎండలు తెలిసినవి, న్యూటన్ పెట్టె అనే చిన్న రకం చెక్కపెట్టెలో ఒదిగిపోతాయి, గుంపు చిన్నది. ఇటాలియన్ ఈగలు, అంటే మెల్లిఫెరా, తేనె ఎక్కువిస్తాయన్నది నిజమే. కానీ బలమైన గుంపులో యాభై అరవై వేల ఈగలుంటాయి, వాటికి ఎకరాల కొద్దీ పూత కావాలి, పూత అయిపోతే పెట్టెలు ఇంకో చోటికి తరలించాలి. పొద్దుతిరుగుడు చేలకు అవి సరిపోతాయి, బైరాగిపట్టెడ సందులకు కాదు. ఇంట్లో ఎవరికైనా కాటు పడదనుకుంటే ముసురు ఈగలున్నాయి. చీమంత ఉంటాయి, ముల్లు లేదు, గోడ పగుళ్లలో, కరెంటు మీటరు పెట్టెల్లో గూడు కడతాయి. ఏడాదికి దొరికేది కొద్దిపాటి తేనే, అయినా అపార్ట్‌మెంటు బాల్కనీకి వాటిని మించినవి లేవు.

మీ పక్కింటాయన భయం వెనుక ఇంకో ఈగ ఉండి ఉంటుంది. వాటర్ ట్యాంకుల కింద, బ్యాంకు బిల్డింగుల సన్‌షేడ్లకు, పెద్ద రావిచెట్లకు చేటంత పట్టు వేలాడదీసే పెద్ద ఈగలు, కొండతేనె ఈగలు. రాయి తగిలినా, గద్ద తన్నినా వందల కొద్దీ వెంటపడతాయి. పేపర్లో "తేనెటీగల దాడి" అని వచ్చేవాటిలో ఎక్కువ వీటి సంగతే. వాటిని పెట్టెలో పెంచలేం, పెంచరు. పుట్టతేనె ఈగలు చీకటి తొర్రలో కాపురం చేసే రకం, మీరు తెచ్చేవి ఇవే. రెంటికీ తేడా ఆయనకు మాటలతో చెబితే సరిపోదు. ఒక రోజు పొద్దున తొమ్మిది పది గంటలప్పుడు ఎవరిదైనా పెట్టె దగ్గరకు తీసుకెళ్లి, పక్కన నిలబడి చూపించండి. మూత తీసి, ఒక ఫ్రేమును, అంటే లోపలి చెక్క చట్రాన్ని నిదానంగా పైకెత్తి వెలుతురుకు పట్టుకుంటే ఈగలు దానికి కట్టిన మైనపు గదుల అట్ట మీద గుమిగూడి అటూ ఇటూ నడుస్తుంటాయి తప్ప మీద పడవు. ఒక మూలన గదులకు మూత వేసిన తేనె, మధ్యలో ఈగల పిల్లపురుగులు, వాటి మధ్య పొడుగాటి నల్లటి రాణి ఈగ. అది చూశాక పెద్దవాళ్ల ప్రశ్నలు మారడం నేను గమనించాను. కుడతాయా అన్న మాట పోయి, తేనె ఎప్పుడు తీస్తారు అన్న మాట వస్తుంది.

పెట్టె ఎక్కడ పెట్టాలన్నది అన్నిటికంటే ముఖ్యం. మన దగ్గర కొలతలు చెప్పే నిబంధన లేకపోయినా, ఉన్న ఊళ్ల నుంచి నేర్చుకోవచ్చు. న్యూయార్క్ నగరం 2010 దాకా తేనెటీగల పెంపకాన్ని నిషేధించింది, ఆ ఏడాది నిషేధం ఎత్తేసి పెట్టెలు నమోదు చేయించుకోవాలని, పొరుగువాళ్లకు ఇబ్బంది లేకుండా చూడాలని షరతు పెట్టింది. అమెరికాలో చాలా ఊళ్లు రెండే విషయాల మీద పట్టుబడతాయి: పెట్టె ముందు ఆరడుగుల ఎత్తు అడ్డం ఉండాలి, దగ్గర్లో ఎప్పుడూ నీళ్లుండాలి. ఆ చట్టాలు మనకు వర్తించవు గానీ వాటి వెనుకున్న ఆలోచన మన మిద్దెకూ సరిపోతుంది.

ఈగ పెట్టె గుమ్మంలోంచి బయటికి రాగానే తిన్నగా ముందుకు పోతుంది. ఆ దారిలో ఎవరైనా నిలబడితే తల వెంట్రుకల్లో చిక్కుకుంటుంది, అప్పుడు కుడుతుంది. గుమ్మానికి రెండు మూడడుగుల ముందు ఆకుపచ్చ షేడ్‌నెట్ ఆరడుగుల ఎత్తున కట్టి చూడండి. మొదటి రోజు ఈగలు దానికి కొట్టుకుంటాయి, వెతుక్కుంటాయి. తర్వాత గుమ్మం దాటీ దాటగానే నిలువుగా లేచి, నెట్ అంచు మీదుగా పోతాయి. ఆ తర్వాత అవి ప్రయాణించేదంతా మనుషుల తలల పైనే. గుమ్మం పిట్టగోడ వైపు, వీలుంటే తూర్పు ముఖంగా ఉండాలి. పక్కింటి మిద్దె వైపు మాత్రం వద్దు, ఎందుకంటే వాళ్ల మిద్దె మీదే వేసవిలో వడియాలు పెడతారు, బట్టలు ఆరేస్తారు. ముఖ్యంగా మామిడి తాండ్ర. దాని మీదకు ఈగలు వచ్చి తీరతాయి, మీ పెట్టె లేకపోయినా వస్తాయి, కానీ పెట్టె ఉంటే ఆ నింద మీదే. ఆ రోజుల్లో ముందే పాత దోమతెర ఒకటి వాళ్లకు ఇచ్చి, తాండ్ర మీద కప్పుకోమని చెప్పండి.

తిరుపతి ఎండకు ఉత్త సిమెంటు మిద్దె మీద పెట్టె పెట్టడం ఈగల్ని చంపడమే. బయట 43 డిగ్రీలుంటే కాంక్రీటు మీద ఇంకెంతో ఊహించుకోండి. లోపల మైనం మెత్తబడి తేనె బరువుకు అట్టలు జారిపోతాయి, ఈగలు పెట్టె విడిచిపెట్టి పోతాయి. కొబ్బరాకుల పందిరి వేయండి, పైన తడి గోనెపట్ట వేయండి. స్టాండు కాళ్లు నీళ్లు పోసిన గిన్నెల్లో ఉంటే చీమలు ఎక్కవు. కపిలతీర్థం, జీవకోన వైపు ఇళ్లకు కోతుల బెడద ఉంది, బైరాగిపట్టెడకు కూడా అవి రావని భరోసా లేదు. కోతి మూత లాగితే జరిగే గొడవంతా మీ మెడకే చుట్టుకుంటుంది. పెట్టెను స్టాండుకు, స్టాండును పిట్టగోడకు బెల్టుతో బిగించండి. ఏప్రిల్, మే నెలల గాలివానలకూ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే తుఫాన్లకూ అదే రక్ష. తేనె నిండిన పెట్టె మిద్దె మీంచి వీధిలో పడితే అప్పుడు 291వ సెక్షను పుస్తకంలో ఉన్న మాటగా ఉండదు.

నీళ్ల సంగతి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే పట్టణాల్లో చాలా తగాదాలు కాటు వల్ల కాదు, నీళ్ల వల్ల. ఎండాకాలంలో ఈగలు నీళ్లు మోసుకొచ్చి అట్టల మీద చిలకరించి, రెక్కలతో విసిరి పెట్టెను చల్లబరుస్తాయి. పక్కింటి ఏసీ పైపు దగ్గర కారే చుక్కలు, బోరు పంపు దగ్గర తడి, ఆరేసిన బట్టల అంచులు, కుక్క తాగే గిన్నె, ఎక్కడ తడి దొరికితే అక్కడికి వెళ్తాయి. ఒకసారి ఒక చోటు మరిగాయంటే మళ్లించడం చాలా కష్టం. అందుకే పెట్టె వచ్చిన పూటే నీళ్లు సిద్ధంగా ఉండాలి, వారం తర్వాత పెడదాంలే అంటే అప్పటికే అవి పక్కింటి దారి పట్టి ఉంటాయి. వెడల్పాటి మట్టి మూకుడు తీసుకుని గులకరాళ్లు, కొబ్బరిపీచు వేయండి. ఈగకు ఈత రాదు, దిగి నిలబడడానికి చోటు కావాలి. నీళ్లు రాళ్ల మధ్య మెరవాలి తప్ప రాళ్లను ముంచకూడదు. మొదటి రోజుల్లో చిటికెడు ఉప్పు వేస్తే త్వరగా మరుగుతాయి. ఒక్క పూట కూడా ఎండనివ్వకండి, ఊరికి వెళ్తే ఎవరికైనా అప్పజెప్పి వెళ్లండి. రెండు రోజులకోసారి నీళ్లు పారబోసి కొత్తవి పోయకపోతే దోమలు పెరుగుతాయి, అప్పుడు శానిటేషన్ సెక్రటరీకి నిజంగానే నోటీసు ఇచ్చే కారణం దొరుకుతుంది.

దోమలంటే గుర్తొచ్చింది. మున్సిపాలిటీ వాళ్లు సాయంత్రం పూట వేసే పొగ మందు ఈగలకు విషం. వేసవి రాత్రుల్లో పెట్టె లోపల ఉక్క తట్టుకోలేక చాలా ఈగలు గుమ్మం బయట గుత్తిగా వేలాడుతుంటాయి, ఆ పొగ వాటికి నేరుగా తగులుతుంది. మీ వార్డు సచివాలయంలో ఫోన్ నంబరు తీసుకుని ఏ రోజు పొగ వేస్తారో కనుక్కోండి. ఆ సాయంత్రం ఈగలు లోపలికి చేరాక తడి గోనెపట్ట కప్పి, గాలి ఆడేలా చూసి, పొగ తగ్గాక తీసేయండి. సచివాలయం వాళ్లతో ఇలా ముందు మీరే మాట కలిపితే, రేపు మీ మీద అర్జీ వచ్చినా మీరు వాళ్లకు కొత్త మనిషి కారు. తోటలకైతే ఇంతకంటే పెద్ద గండం పూత మీద తేనెమంచు పురుగుకు కొట్టే మందులు, కానీ అది వేరే చర్చ.

పెట్టె తెరిచే వేళ కూడా పొరుగు మర్యాదే. పక్కింట్లో పిల్లలు బడికి వెళ్లాక, ఎండ ముదరక ముందు తెరవండి. చీకటి పడ్డాక, మబ్బు పట్టినప్పుడు, గాలి వీచేటప్పుడు వద్దు. వాళ్లింట్లో పెళ్లిచూపులో వ్రతమో ఉందని తెలిస్తే ఆ రోజు మూత ముట్టుకోకండి. ఈగల్ని శాంతపరిచే పొగ డబ్బాలో కొబ్బరిపీచు, ఎండిన పేడ చాలు. ఒక ఈగ కుడితే ఆ చోట మాగిన అరటిపండు లాంటి వాసన వస్తుంది, అది మిగతా ఈగలకు పిలుపు. అందుకే కుట్టిన చోట పొగ పట్టి, మూత వేసి, ఆ పూటకు ఆపేయాలి. వీధి దీపం వెలుగు నేరుగా గుమ్మం మీద పడకుండా చూసుకోండి, లేకపోతే రాత్రి దీపం చుట్టూ తిరిగి కింద పడిన ఈగల్ని ఎవరో ఒకరు తొక్కుతారు.

పూత బాగున్న కాలంలో గుంపు రెండుగా చీలి, పాత రాణితో సగం ఈగలు లేచిపోతాయి. పక్కింటి మునగచెట్టు కొమ్మకు గుమ్మడికాయంత ముద్దగా వేలాడితే వాళ్లు హడలిపోవడం సహజం. నిజానికి ఆ వేళ ఈగలు కడుపు నిండా తేనెతో ఉంటాయి, కాపాడుకోవడానికి ఇల్లు ఉండదు, కాబట్టి చాలా మెత్తగా ఉంటాయి. ముందే ఫోన్ నంబరు ఇచ్చి ఉంచండి, "పెట్రోలు పోయొద్దు, హిట్ కొట్టొద్దు, నన్ను పిలవండి" అని చెప్పండి. వాళ్ల ఆవరణలోకి వాళ్లు రమ్మంటేనే వెళ్లండి. వారానికోసారి పెట్టెలో పిల్లల గది, అంటే ఈగ పిల్లలు పెరిగే అర చూసి, అట్ట కింది అంచున వేరుశనగకాయలా వేలాడే రాణి గదుల్ని గమనించుకుంటే సగం గుంపులు లేవకుండా ఆపవచ్చు.

కాటు గురించి దాచిపెట్టి మాట్లాడడం నాకు ఇష్టం లేదు. కొన్నాళ్లకు ఎవరో ఒకరిని ఒక ఈగ కుడుతుంది. చాలామందికి వాపు, మంట, దురద, రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది. ముల్లు చర్మంలో ఉండిపోతుంది, దాని వెనుక విషపు సంచి ఇంకా కొట్టుకుంటూనే ఉంటుంది. ఎలా తీయాలని ఆలోచిస్తూ కూర్చోకుండా వెంటనే గోటితో గీకి తీసేయాలి. కానీ కొందరికి పెదవులు, నాలుక వాయడం, ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరాడకపోవడం, కళ్లు తిరగడం జరుగుతుంది. అది ఇంట్లో సున్నం రాసి ఆగే సమయం కాదు, 108కి ఫోన్ చేసి రుయా ఆసుపత్రికో దగ్గర్లోని క్యాజువాలిటీకో పరుగెత్తాలి. అక్కడ అడ్రినలిన్ ఇంజెక్షను ప్రాణం కాపాడుతుంది. పెట్టెలు తేకముందే పక్కింటాయన్ని అడగండి, వాళ్లింట్లో ఎవరికైనా కందిరీగో తేనెటీగో కుట్టి ఒళ్లంతా దద్దుర్లొచ్చాయా అని. ఒక్కరికి అలా జరిగిందని తెలిసినా నా సలహా ఒకటే: ఊళ్లో పెట్టొద్దు. బంధువుల పొలంలో పెట్టుకోండి. చట్టం ఆపకపోయినా అక్కడ మనమే ఆగాలి.

ఎన్ని పెట్టెలంటారా? మీ స్థలం ఎన్ని అంకణాలో రాయలేదు. మామూలు ఇంటి మిద్దెకు రెండు, మహా అయితే మూడు. పుట్టతేనె ఈగ కిలోమీటరు, కిలోమీటరున్నర తిరిగి మేత తెచ్చుకుంటుంది. కొబ్బరి, మునగ, వేప, కానుగ, నేరేడు, చింత, ఇళ్లలో తులసి, ఇంతే మన ఊళ్లో వాటి ఆస్తి. ఐదారు పెట్టెలు పెడితే వానాకాలంలో మేత చాలక బెల్లం కొట్ల మీద, జ్యూస్ బండ్ల మీద పడతాయి.

ఈగల్ని ఎక్కడి నుంచి తెస్తున్నారన్నది కూడా చట్టం పరిధిలోకి వస్తుంది. శేషాచలం కొండల నుంచి పట్టుకొచ్చామని ఎవరైనా చవకగా ఇస్తామంటే తీసుకోకండి. శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు 1989 నుంచి ఉంది. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం జాతీయ పార్కు లోంచి అటవీ ఉత్పత్తి ఏదీ బయటికి తేకూడదు, తేనె పట్టు కూడా అంతే. యానాదుల వంటి గిరిజనులకు తేనె సేకరణ మీద 2006 అటవీ హక్కుల చట్టం ఇచ్చిన హక్కు వేరు, దాన్ని మనలాంటివాళ్లు అడ్డం పెట్టుకోకూడదు. మీ గోడ తొర్రలోనో, స్నేహితుడి పాత బావిలోనో ఉన్న గుంపును పెట్టెలోకి ఎక్కించుకోవడం మంచి పద్ధతి. కొనాలంటే శిక్షణ ఇచ్చిన చోటే అడగండి, లేదా కృషి విజ్ఞాన కేంద్రం వాళ్లను, ఎస్వీ వ్యవసాయ కళాశాల కీటకశాస్త్ర విభాగాన్ని అడిగితే నమ్మకమైన పెంపకందారుల్ని చెబుతారు. కొనేముందు పిల్లల గది తెరిచి చూడండి. పిల్లపురుగు తల పైకెత్తి, నీళ్ల సంచిలా ఉబ్బి చచ్చి ఉంటే అది థాయ్ శాక్‌బ్రూడ్ జబ్బు. 1991, 92లో దక్షిణాదిలో పుట్టతేనె గుంపుల్ని దాదాపుగా తుడిచిపెట్టింది అదే. అలాంటి పెట్టె ఊరికే ఇచ్చినా వద్దు.

తేనె ఇరుగుపొరుగుకు పంచుకుంటే ఎవరూ అడగరు. సీసాలో పోసి, పేరు పెట్టి అమ్మితే మాత్రం ఆహార వ్యాపారమే, కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషను కావాలి. చిన్న వ్యాపారులకు అది ఆన్‌లైన్‌లో కొద్దిపాటి ఫీజుతో అయిపోతుంది. లేబుల్ మీద ఆ నంబరు, బరువు, తీసిన తేదీ, మీ చిరునామా ఉండాలి. ప్రమాణాల్లో మీరు పట్టించుకోవాల్సింది తేమ, అది 20 శాతం దాటకూడదు. పుట్టతేనెలో సహజంగానే తేమ ఎక్కువ. మూత వేయని గదుల్లోంచి తొందరపడి తీస్తే తేనె పులుస్తుంది, పరీక్షలో తప్పుతుంది. ఫ్రేములో ముప్పాతిక వంతు గదులకు ఈగలే మైనం మూత వేసేదాకా ఆగండి. ఇంటి ముందు బోర్డు పెట్టి అంగడిలా నడిపితే కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్సు ప్రశ్న కూడా వస్తుంది, కాబట్టి మొదటి ఏడాది ఆ ఆలోచన పెట్టుకోకండి.

చివరగా పక్కింటాయన. "చట్టంలో అడ్డు లేదు, మీ ఇష్టం వచ్చినట్టు చేసుకోండి" అని మాత్రం అనకండి. ఆ మాట విన్న మనిషి ఇంకో ముగ్గురిని కూడగడతాడు. ఆయన భయం మనవళ్ల గురించి, అది గౌరవించాల్సిన భయం. ఇంటికి వెళ్లి కూర్చుని మాట్లాడండి. మొదట ఒక్క పెట్టే తెస్తానని, అది మూడు నెలలు చూద్దామని, ఆలోపు ఇబ్బంది ఉందని ఆయన చెబితే నేనే తోటకు తరలిస్తానని మాటివ్వండి. ఎక్కడ పెడతారో మిద్దె ఎక్కించి చూపించి, "ఇక్కడ పెట్టనా, ఆ మూల పెట్టనా" అని ఆయన్నే అడగండి. ఒప్పుకుంటే ఒక తెల్లకాగితం మీద రెండు వాక్యాలు రాసి ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి. అది స్టాంపు పేపరు కాకపోయినా రేపు సచివాలయం వాళ్లకు చూపించడానికి పనికొస్తుంది. ఆయన ససేమిరా అంటే మూడు నెలలు ఆగండి, ఈ లోపు ఒక ముసురు ఈగల పెట్టెతో మొదలుపెట్టండి.

పెట్టె తేవడానికి తుఫాను వానలు తగ్గాక అనువైన కాలం. వెనకాలే మామిడి పూత, ఆ తర్వాత వేప, కానుగ వస్తాయి కాబట్టి గుంపు నిలదొక్కుకుంటుంది. మే నెలలో మాత్రం ఎవరిచ్చినా తీసుకోకండి. తెచ్చేది రాత్రి పూట, గుమ్మానికి జాలీ కొట్టి, కుదుపు లేకుండా. తెల్లారేసరికి నెట్, నీళ్ల మూకుడు సిద్ధంగా ఉంచి, అప్పుడు జాలీ తీయండి. మిద్దె ఫోటో, ఏ దిక్కున ఏ ఇల్లుందో చిన్న బొమ్మ గీసి పెడితే పెట్టె ముఖం ఎటు తిప్పాలో నేను చెబుతాను.